హోండా ఈయూ2200ఐ: సెన్సార్ ఉంది కదా అని కిటికీ కింద పెట్టకండి

2024 జులైలో బెరిల్ తుపానుకి హ్యూస్టన్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చోట జనరేటర్ కొనాలనుకునే మనవాళ్ళు ముందు చూసేవాటిలో ఈ చిన్న హోండా ఒకటి. బరువు 21 కిలోలు, ఒక్కరే మోయొచ్చు. నిలకడగా 1800 వాట్లు ఇస్తుంది. ఫ్రిజ్, లైట్లు, వైఫై, మిక్సీకి చాలు, ఇండక్షన్ స్టవ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. శబ్దం తక్కువ. చిక్కూ అక్కడే, సౌండ్ లేదు కదా అని ఇంటిని ఆనుకుని ఉన్న ప్యాటియోలోనే పెట్టేస్తారు.

కొత్త మోడళ్ళలో కో-మైండర్ ఉంది. మెషీన్ చుట్టూ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పెరిగితే ఇంజిన్‌ని ఆపేసి ఎర్ర లైటు చూపిస్తుంది. అయితే ఆ సెన్సార్ ఉన్నది మెషీన్ మీద, మీ పడగ్గదిలో కాదు. గాలి పొగని కిటికీ వైపు తోస్తుంటే దానికి తెలియదు, ఇంజిన్ ఆగదు. కాబట్టి ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి అవతలి వైపు తిప్పి పెట్టండి. గ్యారేజీ తలుపు తీసి ఉన్నా లోపల వద్దు. 50 అడుగుల 12 గేజ్ (మందమైన తీగ) అవుట్‌డోర్ ఎక్స్‌టెన్షన్ కార్డు ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. ఇంట్లో బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. బ్యాకప్ లేని ప్లగ్ రకం కరెంటు పోగానే మూగబోతుంది.

ఆయిల్ మార్చడం చిరాకే. పక్క మూత విప్పి, మెషీన్‌ని వంచి ఒంపాలి. ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే త్వరగా దిగుతుంది. పట్టేది 0.4 లీటరు, 10డబ్ల్యూ-30. మొదటిసారి 20 గంటలకో నెలకో, తర్వాత ప్రతి 100 గంటలకో ఆరు నెలలకో మార్చాలి. ఎక్కువ పోస్తే బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే గాలి చాలక పెట్రోలు సరిగ్గా కాలదు, విషవాయువు ఇంకా పెరుగుతుంది. ఫిల్టర్‌లోని ఫోమ్‌ని సబ్బునీళ్ళలో కడిగి, బాగా ఆరాక ఇంజిన్ ఆయిల్‌లో ముంచి గట్టిగా పిండి పెట్టాలి.

అన్నిటికన్నా నచ్చింది, పెట్రోలు ఒక్కటే ఆపే స్విచ్. అటు తిప్పితే కార్బురేటర్‌లో మిగిలింది కాలాకే ఇంజిన్ ఆగుతుంది. లేకుంటే ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి నిలిచి జెట్‌ని, అంటే పెట్రోలు వెళ్ళే సన్నటి రంధ్రాన్ని, మూసేస్తుంది, అవసరానికి స్టార్ట్ కాదు.

వెయ్యి డాలర్లు దాటిన మెషీన్‌కి ఫ్యూయల్ గేజ్ లేకపోవడం మాత్రం అన్యాయం. ట్యాంకు 3.6 లీటర్లు, పావు లోడు మీద ఎనిమిది గంటలు, ఫుల్ లోడు మీద మూడే. పడుకునే ముందే ఆపి, చల్లారాక నింపుకోండి.