ఆరేళ్లుగా నా చేతిలో ఉన్న రాట్చెట్ స్క్రూడ్రైవర్

విశాఖపట్నంలో మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు బిగించడం నా పని. బ్యాటరీ డ్రిల్ ఉండగా రాట్చెట్ స్క్రూడ్రైవర్ (లోపలి పళ్ల వల్ల ఒకవైపు తిప్పితే పట్టి, రెండోవైపు ఊరికే జారేది) ఎందుకని చాలామంది అడుగుతారు. ప్లైవుడ్ అయితే డ్రిల్‌తోనే లాగించేయొచ్చు. చెక్కపొట్టు, పొడి జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అంత తట్టుకోవు. డ్రిల్ అర చుట్టు ఎక్కువ తిరిగిందంటే రంధ్రం లోపల పొడైపోతుంది, స్క్రూ పట్టు దొరక్క ఊరికే తిరుగుతూ ఉంటుంది. అందుకే చివరి రెండు చుట్లు నేను చేత్తోనే బిగిస్తాను. తలుపులు వరసలోకి తేవడానికి హింజ్‌లు సర్దడం కూడా చేతి పనే. పావు చుట్టు తిప్పి, తలుపు వేసి, సందు చూసుకుని, మళ్లీ కాస్త తిప్పాలి. రోజుకు ముప్పై నలభై హింజ్‌లుంటే మామూలు స్క్రూడ్రైవర్‌తో సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది. రాట్చెట్ ఉంటే పట్టు మార్చకుండా పిడిని ముందుకీ వెనక్కీ ఆడిస్తే చాలు.

మొదట కొన్నది మూడు వందల రూపాయలది. మూడు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు లాసన్స్ బే దగ్గర ఒక ఇంట్లో సింక్ కింద పడుకుని బిగిస్తుంటే లోపలి పళ్లు పట్టు వదిలేశాయి. పిడి ఒక్కసారిగా తిరిగి, చెయ్యి వెళ్లి బోర్డు అంచుకు కొట్టుకుంది. వేళ్ల కణుపులు చీరుకుపోయాయి. ఇప్పుడున్నది ఆ తర్వాత కొన్నాను, ఖరీదు దానికి ఆరు రెట్లు. కంపెనీ పేరు కన్నా, షాపులో ఏం చూడాలో చెప్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ప్యాకెట్ మీద పళ్ల సంఖ్య పెద్దక్షరాల్లో వేస్తారు. 72 పళ్లంటే 5 డిగ్రీలకొకసారి, 24 పళ్లంటే 15 డిగ్రీలకొకసారి పట్టు దొరుకుతుంది. చెయ్యి సరిగా తిరగని మూలల్లో ఆ తేడా తెలుస్తుంది. కానీ నా పనిలో అంతకన్నా ముఖ్యమైంది వేరే ఉంది. పిడిని వెనక్కి తిప్పినప్పుడు రాట్చెట్ ఎంత తేలిగ్గా జారుతోందో చూడాలి. స్క్రూ మొదట్లో రంధ్రంలో వదులుగా ఉంటుంది. రాట్చెట్ బిరుసుగా ఉంటే పిడితో పాటు స్క్రూ కూడా వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. ముందుకెంత పోయిందో వెనక్కంత, ఇక పనేం జరుగుతుంది?

ఇది షాపులోనే తేలిపోతుంది. బిట్ (స్క్రూ తలలో కూర్చునే, మార్చుకోగల మొన) పెట్టి, దాన్ని రెండు వేళ్లతో మెత్తగా, పువ్వును పట్టుకున్నట్టు పట్టుకోండి. రెండో చేత్తో పిడిని వెనక్కి తిప్పండి. వేళ్ల మధ్య బిట్ కదలకుండా ఉండి, లోపల టిక్ టిక్ మని మాత్రమే వినిపిస్తే తీసుకోండి. బిట్ కూడా తిరిగితే పక్కన పెట్టేయండి, ఎన్ని పళ్లున్నా సరే. అలాగే రాట్చెట్ ఎడమకు పట్టాలా, కుడికి పట్టాలా అని మార్చే రింగుకు మధ్యలో లాక్, అంటే ఎటూ జారకుండా ఆపేది, ఉందా లేదా చూడండి. తుప్పు పట్టిన స్క్రూ విప్పేటప్పుడు ఆ మొదటి బలమంతా రాట్చెట్ పళ్ల మీద పడకూడదు. లాక్ చేసి కదిలించి, వదులయ్యాక రాట్చెట్‌లోకి మారతాను. మరీ మొండికేస్తే దీన్ని పక్కనపెట్టి పొడవాటి మామూలు స్క్రూడ్రైవర్ తీస్తాను.

బిట్ల విషయంలో మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. అన్నిటినీ 'స్టార్' అనేస్తాం. కానీ తలుపు మెల్లగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ హింజ్‌లతో వచ్చే స్క్రూలు ఎక్కువగా పోజిడ్రివ్ రకం. తల మీద ప్లస్ గుర్తు చేతుల మధ్య నాలుగు సన్నటి గీతలు కనిపిస్తాయి. దానికి పీజెడ్2 బిట్ కావాలి. మామూలు ఫిలిప్స్ బిట్, అంటే పీహెచ్2, అందులో కూర్చున్నట్టే అనిపించి, గట్టిగా తిప్పగానే ఎగిరి బయటికొస్తుంది. రెండుసార్లు అలా జరిగితే స్క్రూ తల అరిగి, మళ్లీ విప్పడానికి కూడా పనికిరాదు. సరైన బిట్ పెట్టిన రోజు నుంచి నాకు పాడయ్యే స్క్రూలు బాగా తగ్గాయి. పావు అంగుళం షట్కోణపు బిట్లు ఏ కంపెనీవైనా దీంట్లో పడతాయి, కాబట్టి సెట్‌తో వచ్చిన నాసిరకంవి తీసేసి మంచివి వేసుకోవచ్చు.

ఒక మాట ఎలక్ట్రీషియన్లకు. దీని కడ్డీ, బిట్ రెండూ ఉత్త ఇనుమే. కరెంటు ఉన్న చోట పెట్టకండి. దానికి 1000 వోల్టుల గుర్తున్న ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవరే వాడాలి.

నా దాంట్లో లోపాలు లేకపోలేదు. చెమట చేత్తో రింగు జారుతుంది. పిడి అడుగున బిట్లు దాచే మూత వదులైపోయింది, ఒకటి రెండు బిట్లు ఎక్కడో పడిపోయాయి. ఐదో ఏడు రాట్చెట్ అప్పుడప్పుడూ తప్పడం మొదలైంది. అయిపోయిందనుకున్నాను. విప్పి చూస్తే, గ్రీజులో ఎండీఎఫ్ పొడి కలిసి గోధుమరంగు ముద్దలా గట్టిపడి ఉంది. పళ్లను పట్టుకునే చిన్న ఉక్కు ముక్క ఆ ముద్దలో ఇరుక్కుని స్ప్రింగ్ తోసినా పైకి లేవడం లేదు. కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక రెండు చుక్కలు కుట్టు మెషిన్ నూనె వేశాను. మళ్లీ అదే టిక్ టిక్. అప్పటి నుంచి చిక్కటి గ్రీజు జోలికి పోలేదు. సముద్రపు గాలికి బిట్లు ఊరికే తుప్పెక్కుతాయి కాబట్టి వాటినీ అదే నూనె గుడ్డతో తుడిచి పెడతాను.

పోయిన నెల నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి ఒకటి కొందామని షాపుకి తీసుకెళ్లాను. "అన్నా, ఇదే 72 పళ్లది" అని మొదటిదే చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లతో బిట్ పట్టుకుని తిప్పి చూడమన్నాను. మొదటిది తిరిగింది, రెండోదీ తిరిగింది. మూడోది వాడి వేళ్ల మధ్య కదల్లేదు. అదే కొన్నాం.