మూడు వేల మంచు, కూలర్ అట్టపెట్టె

మే నెలలో పిల్లలతో హైదరాబాదా అని మా ఆయన ముందే అన్నారు. వచ్చిన మూడో రోజే చిన్నది "స్లెడ్డింగ్‌కి ఎప్పుడెళ్తాం?" అని మొదలుపెట్టింది. స్లెడ్ అనే జారుడు పలక మీద కూర్చుని మంచు దిబ్బ మీంచి జారడమే స్లెడ్డింగ్. దానికి నాలుగేళ్లు. అమెరికాలో, మిన్నియాపోలిస్‌లో పుట్టిన పిల్ల, సెలవులంటే మంచే అనుకుంటుంది.

అక్కడ మా ఇంటి వెనక పార్కులో ఒక దిబ్బ ఉంది. మంచు పడితే చాలు, వీధిలో పిల్లలంతా అక్కడే. టికెట్ లేదు. 18 డాలర్ల చొప్పున రెండు ప్లాస్టిక్ స్లెడ్లు కొన్నాం, మూడు చలికాలాలుగా అవే నడుస్తున్నాయి. మొదటి ఏడాది తెలియక పెద్దాడికి జీన్స్ వేసి తీసుకెళ్లాను. పది నిమిషాల్లో తడిసి, బిగుసుకుపోయి రేకులా తయారైంది. వాడి ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. కొత్తగా వెళ్లేవాళ్లు ఖరీదైన కోటు కంటే ముందు తడవని స్నో ప్యాంటు కొనండి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజులకన్నా, నాలుగు వేళ్లూ ఒకే అరలో పట్టే మిటెన్లు వెచ్చన. హెల్మెట్ పెట్టి, కాళ్లు ముందుకు చాపి కూర్చోబెట్టాలి. కింద చెట్లో రోడ్డో ఉంటే ఆ దిబ్బ ఎంత బాగున్నా వెనక్కి వచ్చేయండి.

సరే, ఇక్కడి సంగతి. పిల్ల పోరు పడలేక నగరంలోని ఒక మంచు పార్కుకి వెళ్లాం. పెద్దవాళ్లకి 700, పిల్లలకి 600. సాక్సులు వాళ్ల దగ్గరే కొనాలట, జత 60. మేం వేసుకొచ్చినవి చూపించినా ఒప్పుకోలేదు. లాకర్‌కి 100. మొత్తం 2,940 లోపలికి అడుగు పెట్టకముందే అయిపోయాయి.

సెషన్ గంట అన్నారు. అందులో 20 నిమిషాలు జాకెట్ల క్యూలోనే పోయాయి. ఇదేంటని అడిగితే కౌంటర్‌లో అబ్బాయి తల కూడా ఎత్తకుండా "జాకెట్ టైమ్ కూడా గంటలోకే వస్తుంది మేడమ్" అన్నాడు. నాకిచ్చిన జాకెట్ చేతుల లోపల ఇంకా చెమ్మగా ఉంది, అంతకుముందు వేసుకున్నవాళ్ల చెమట! చిన్నదాని బూట్లు రెండూ ఎడమ కాలివే. మార్చుకోవడానికి మళ్లీ క్యూ.

లోపల చలి మాత్రం నిజమే, ఆ మాట ఒప్పుకోవాలి. కింద ఉన్నది మాత్రం మంచు కాదు, చెరుకురసం బండి దగ్గర దంచిన ఐసు. స్లెడ్ జారుడుకి వేరే కూపన్, మనిషికి 100. పిల్లలిద్దరికీ తీసుకున్నాను. ట్యూబులో కూర్చోబెట్టి ఒకతను తోశాడు. మూడు సెకన్లు. చిన్నది కింద కదలకుండా కూర్చుని "అమ్మా, ఇంకా స్టార్ట్ కాలేదా?" అంది. అతను "నెక్స్ట్, నెక్స్ట్" అంటూ ట్యూబు లాగేసుకున్నాడు. మా ఆయన దారంతా మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే నయం అనిపించింది.

ఆ 3,140 లెక్క వినగానే నాన్న కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "జారడానికి ఇన్ని వేలా? ఊరంతా బండలే కదే!"

మర్నాడు పొద్దున్నే ఆరింటికి, కొత్త కూలర్ వచ్చిన అట్టపెట్టె చింపి ఖాజాగూడ గుట్టల దగ్గరికి తీసుకెళ్లారు. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైకెక్కితే భయమేస్తుంది కానీ, కింద మనిషెత్తు కూడా లేని ఒక వాలుబండ దొరికింది, దాని దిగువన మట్టి. నాన్న ముందు గాజుపెంకులు ఏరేశారు. తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినే అట్ట మీద కూర్చోబెట్టి వదిలారు. మొదటిసారి సగంలోనే ఆగిపోయింది. పెద్దాడు అట్ట ముందంచు పైకి మడిచి పట్టుకున్నాడు, స్లెడ్ తాడు పట్టుకున్నట్టే. ఈసారి సర్రున మట్టిదాకా వెళ్లాడు. ఇక ఆపేవాళ్లెవరు! మా ఆయన కూడా ఓసారి జారారు, ఎవరూ చూడట్లేదనుకుని. ఎనిమిదింటికల్లా బండ కాలడం మొదలైంది, ఆ లోపే దిగిపోవాలి. నీళ్లు తీసుకెళ్లండి.

ఖర్చు: దారిలో టిఫిన్లకి 320, పెద్దాడి నిక్కరు వెనక అతుకుకి దర్జీ 40. చిన్నది ఆ అట్టని సూట్‌కేసులో పెట్టమని కూర్చుంది.