రెండు లైట్ల పోర్ట్రెయిట్ కిట్: లైట్లకు మార్కులు, స్టాండ్లకు చీవాట్లు

ముందే చెప్పేస్తా. ఈ కిట్‌లో లైట్లు బాగున్నాయి, వాటిని మోసేవే బాగాలేవు. 300 వాట్ సెకండ్ల (ఫ్లాష్ బలానికి కొలత ఇది) ఫ్లాష్‌లు రెండు, స్టాండ్లు రెండు, వెలుగును మెత్తబరిచే 60×90 సెంటీమీటర్ల గుడ్డ పెట్టె, అంటే సాఫ్ట్‌బాక్స్ ఒకటి, తెల్ల గొడుగు ఒకటి, ఫ్లాష్‌లను పేల్చడానికి కెమెరా నెత్తిన పెట్టుకునే ట్రిగ్గర్ ఒకటి. ఇలాంటి సెట్లు బోలెడు పేర్లతో దొరుకుతాయి కాబట్టి కంపెనీ పేరు రాయట్లేదు, మీరు చూస్తున్నది వేరే పేరుతో ఉన్నా ఇక్కడ రాసిందాంట్లో చాలా వరకు పనికొస్తుంది.

స్టాండ్ల సంగతి ముందు తేల్చేద్దాం. సాఫ్ట్‌బాక్స్ తగిలించి ఆరడుగులు దాటించారో లేదో, స్టాండ్ తల ఊపడం మొదలుపెడుతుంది. లోపల గాలి కుషన్ లేదు, అందుకని నాబ్ వదులు చేసేటప్పుడు రెండో చేత్తో లైటు పట్టుకోకపోతే ధబేల్మని కిందికి దిగుతుంది, కింద ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ల గతేంటో మీరే ఊహించుకోండి. మూడు కాళ్లలో ఒకటి లైటు బరువు వంగే వైపు ఉండేలా పెట్టి, మిగతా వాటి మీద ఇసుక సంచి వేశాకే నాకు టెన్షన్ తగ్గింది. ఇసుక సంచి కిట్‌లో రాదు, అది ఇవ్వకుండా ఈ స్టాండ్లు అమ్మడమే తప్పు.

సాఫ్ట్‌బాక్స్ బిగించడం మొదట్లో కుస్తీ పట్టినట్టే ఉంటుంది. నాలుగు కమ్మీల్లో మూడు బుద్ధిగా రింగులో కూర్చుంటాయి, నాలుగోది వంచేసరికి చేతులు పడిపోతాయి. లోపలి తెల్ల గుడ్డ అవసరం లేదనుకుని తీసేయకండి, అది లేకపోతే మధ్యలో వెలుగు ఎక్కువై నుదురు, ముక్కు కొస జిడ్డుగా మెరుస్తాయి. కలిసొచ్చిన విషయం ఏమిటంటే మౌంట్, అంటే లైటుకు సాఫ్ట్‌బాక్స్ తగిలించే చోటు, బోవెన్స్ ఎస్ రకం. ఆ బోవెన్స్ కంపెనీ 2017లోనే మూతపడింది కానీ మౌంట్ మాత్రం బతికే ఉంది, కాబట్టి రేపు పెద్ద ఆక్టాబాక్స్ (ఎనిమిది మూలల సాఫ్ట్‌బాక్స్) కొనుక్కున్నా దీనికి అతుకుతుంది.

ఇక అసలు విషయం, వెలుగు. మనిషికి ఒక పక్కగా 45 డిగ్రీల కోణంలో, కంటి ఎత్తుకు పైన, మీటరు దూరంలో సాఫ్ట్‌బాక్స్ పెడితే ఈ ఒక్క లైటే ముఖాన్ని చక్కగా మలుస్తుంది. చూడాల్సింది ముక్కు నీడ. అది చెంప నీడతో కలిసి, అవతలి కంటి కింద చిన్న త్రికోణంలా వెలుగు మిగిలితే అదే రెంబ్రాంట్ లైటింగ్. కలవకుండా పెదవి పక్కన ఆగిపోతే ఇంకాస్త సాదాగా, ఎక్కువమంది ముఖాలకు నప్పేలా ఉంటుంది. లైటును ఎంత దగ్గరికి జరిపితే నీడ అంచు అంత మెత్తబడుతుంది, చాలామంది దీనికి రివర్సులో, వెలుగు గుచ్చుకుంటోందని లైటును వెనక్కి జరుపుతారు, దాంతో ఇంకా గట్టిగా పడుతుంది.

వెనక గోడ కూడా ఈ ఒక్క లైటు దూరంతోనే లొంగుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కదా. మనిషి లైటుకు మీటరు దూరంలో, గోడ రెండు మీటర్లలో ఉంటే తెల్ల గోడ బూడిద రంగులో వస్తుంది. అదే గోడ నాలుగు మీటర్లలో ఉంటే ముఖం మీద పడే వెలుగులో పదహారో వంతే దానికి అందుతుంది, ఫొటోలో బాగా ముదురుగా కనిపిస్తుంది. ఒకే గోడ, రంగులు మాత్రం వేరు.

అందుకే రెండో లైటు మీద నాకు పెద్ద మోజు లేదు. గొడుగు వెలుగును గది నిండా చల్లేస్తుంది, చిన్న గదిలో తెల్ల గోడలుంటే మొదటి లైటుతో కష్టపడి తెచ్చుకున్న నీడంతా పోయి ముఖం చదునుగా, పాస్‌పోర్టు ఫొటోలా తయారవుతుంది. నీడ వైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే సరిపోతోంది, మరీ మెత్తగా అనిపిస్తే షీటును వెనక్కి జరపడమే. రెండో లైటును జుట్టు అంచుకో గోడకో వాడాలంటే వెలుగు పక్కలకు చిందకుండా ఆపే జాలీ, అంటే గ్రిడ్ కావాలి, అది కిట్‌లో లేదు. గ్రూపు ఫొటోలు తీసేవాళ్లకైతే గొడుగు నిజంగానే పనికొస్తుంది, కాదనను.

పవర్ విషయంలో ఒక చికాకు ఉంది. ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8 దగ్గర పావు పవరే సరిపోతోంది, అంటే బలానికి లోటు లేదు. కానీ కనిష్ఠం 1/32 దగ్గరే ఆగిపోతుంది. రంధ్రం బాగా తెరిచి ఎఫ్/2లో వెనకంతా మసకగా తీద్దామంటే 1/64 కావాలి, అది ఇందులో లేదు, లెన్సుకు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేసుకోవాల్సిందే. పవర్ తగ్గించేకొద్దీ రంగు కూడా కొంచెం పసుపు వైపు జరుగుతోంది, కాబట్టి వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేయకుండా, పవర్ మార్చినప్పుడల్లా రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట, అంటే గ్రే కార్డుతో ఒక ఫ్రేమ్ తీసుకోండి. చర్మం రంగు సరిచేసుకునే బాధ చాలా తగ్గుతుంది.

ట్రిగ్గర్ నమ్మకంగా పేలుస్తోంది. షట్టర్ 1/160 సెకండు దాటించకుండా ఉంటే మంచిది, కెమెరా సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం) దాటితే ఫ్రేమ్‌లో ఒక అంచున నల్ల పట్టీ వస్తుంది, అది లైటు లోపం కాదు. నీడలు ముందే చూసుకోవడానికి ఫ్లాష్‌లో ఉండే మోడలింగ్ ల్యాంప్ ఎల్ఈడీ, వేడెక్కదు కానీ వెలుగు బాగా తక్కువ, గది లైట్లు ఆర్పితేగానీ నీడ ఎక్కడ పడుతోందో కనిపించదు. ఆర్పినప్పుడు దాన్ని మాత్రం వెలిగించే ఉంచండి, పూర్తి చీకట్లో కనుపాపలు పెద్దవై కళ్ల రంగు సరిగ్గా రాదు.

కళ్లజోడు ఉన్నవాళ్లకు ఈ సైజు సాఫ్ట్‌బాక్స్ అద్దాల్లో తెల్ల కిటికీలా పడుతుంది. లైటు కాస్త పైకెత్తి, చెవుల దగ్గర కళ్లజోడు కాడలను కొద్దిగా లేపి పెట్టిస్తే చాలావరకు పోతుంది.

ఒక్కర్నే కూర్చోబెట్టి తీసే పనికైతే ఈ జంట కిట్ కంటే ఇదే లైటు ఒకటి, గట్టి స్టాండు ఒకటి, ఇంకాస్త పెద్ద సాఫ్ట్‌బాక్స్ ఒకటి విడివిడిగా తీసుకోమంటాను. ఏది తీసుకున్నా, లోపల వెలిగే గొట్టం, అంటే ఫ్లాష్ ట్యూబ్ విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే అడిగేయండి.