ఫ్లింట్‌లాక్ సీజన్‌కి హ్యాండ్ మఫ్: కొన్నేళ్ళు వాడాక నా మాట

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాటి నుంచి జనవరి సగం దాటేదాకా జింకలకి ఫ్లింట్‌లాక్ సీజన్ ఉంటది, అందులో చెకుముకి రాయి తుపాకీ తప్ప ఇంకోటి పనికిరాదు, అదీ సరిగ్గా ఎముకలు కొరికే చలిలో. చేతుల కోసం కొన్నవాటిలో నేను ఇప్పటికీ వాడుతున్నది నడుముకి కట్టుకుని రెండు పక్కల నుంచి చేతులు దూర్చుకునే ఈ మఫ్ ఒక్కటే.

మామూలు రైఫిల్‌కైతే మందపాటి గ్లవ్స్‌తో నడిచిపోద్దేమో గానీ దీనికి కుదరదు, తుపాకీ మందు కొలిచి పొయ్యాలి, గుడ్డముక్క మీద గుండు పెట్టి రామ్‌రాడ్ అనే పొడవాటి కడ్డీతో గొట్టం కిందిదాకా దింపాలి, ఆఖర్న పాన్‌లో, అంటే రాయి నిప్పు రాలే చిన్న గిన్నెలో, 4ఎఫ్ అనే బాగా సన్నటి మందు పొడి చిటికెడు, గ్లవ్స్‌తో పోస్తే సగం మంచు పాలే. కాస్త తాకితేనే పేలే సెట్ ట్రిగ్గరైతే ఇంకా దారుణం, వేలు మొద్దుబారినా గ్లవ్ ఉన్నా ఎప్పుడు తగిలిందో తెలిసేలోపే పేలిపోద్ది. అందుకే పని ఉన్నంతసేపు ఒట్టి చేతులు, అవ్వగానే మఫ్‌లోకి.

లోపల ఇనప్పొడి వార్మర్ ప్యాకెట్లు రెండు వేస్తా. ఆ ఇనుము గాలి తగిలి తుప్పు పడుతుంటేనే వేడి వస్తది, కాబట్టి జిప్పులన్నీ బిగించేస్తే చల్లారిపోతాయి, పాడైపోయాయని పారెయ్యకండి, బయటికి తీసి ఊపితే మళ్ళీ లేస్తాయి. ఇంటికొచ్చాక గాలి చొరని కవర్లో వేసి పెడితే మిగిలిన వేడి మర్నాడు పనికొస్తది. లైటర్ ఫ్లూయిడ్ పోసే రకం ఇంకా బాగా కాగుద్ది, కానీ నడుముకి తుపాకీ మందు నింపిన కొమ్ము వేలాడుతుంటే పక్కనే అది పెట్టుకోడానికి నాకు మనసొప్పలేదు.

లోపాలు లేకపోలేదు. ఎడమ చేయి ఎప్పుడూ తుపాకీ మీదే, ఆ ఇనుము ఉన్న వేడంతా లాగేస్తది, దానికి మఫ్ ఏం చెయ్యలేదు, పల్చటి ఉన్ని గ్లవ్ వేసుకోవాల్సిందే. రెండోది చెమట. ఎక్కువసేపు లోపల ఉంచితే వేళ్ళు తడిసి పొడి వేలికొసకే నల్లగా అంటుకుపోద్ది, ఆ తడి పాన్‌కి తగిలిందా, రాయి నిప్పు రాల్చినా ఉత్త టక్కుమనే చప్పుడే, జింక హాయిగా వెళ్ళిపోద్ది. ప్రైమింగ్ ముందు, అంటే పాన్‌లో పొడి వేసే ముందు, వేళ్ళు ప్యాంటుకి తుడుచుకోవడం అలవాటు చేసుకోండి.

అన్నట్టు సీజన్ అయ్యేసరికి లోపలి ఉన్నికి గంధకం కంపు పట్టేస్తది, గోరువెచ్చని నీళ్ళలో చేత్తో ఉతికి నీడలో ఆరెయ్యండి, డ్రయర్‌లో మాత్రం వెయ్యొద్దు, ఉన్ని ముడుచుకుపోద్ది.