పాత దేవాలయం గోడకు సున్నమా, సిమెంటా: ఏది మేలు?

యానాంలోని క్యాథలిక్ చర్చి, పునీత అన్నమ్మ దేవాలయం, 1846 నాటిది. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకుందేమో 1914లో, పోర్‌బందర్‌లో. కాబట్టి గోదావరి డెల్టాలో ఆ కాలపు దేవాలయం గోడ చెడితే ముందు సున్నం సంగతే ఆలోచించాలి. కానీ "క్రిస్మస్‌కల్లా అయిపోవాలి" అన్న మాట కమిటీలో రాగానే సిమెంటు బస్తాలు దిగిపోతాయి.

మన దగ్గర భూమిలో నీరు పైపైనే ఉంటుంది. పాత పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నీరు ఇటుకల్లోంచి నడుమెత్తు దాకా పాకుతుంది, సముద్రం దగ్గరైతే ఉప్పునూ మోసుకొస్తుంది. సున్నపు గిలాబా ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది. ఉప్పు గిలాబాలోనే పేరుకుని, కొన్నేళ్లకు అది రాలిపోతుంది. ఇటుక మాత్రం దక్కుతుంది. సిమెంటు అయితే మూత పెట్టినట్టే. చెమ్మ ఇంకా పైకెక్కుతుంది, ఉప్పు ఇటుక ముఖం మీదే గడ్డకడుతుంది. ఆ సిమెంటు పూతను వేలితో తడితే బోలుగా మోగుతుంది. పెచ్చు ఊడినప్పుడు వెనకవైపు ఎర్రగా ఇటుక పొర కూడా అంటుకుని వస్తుంది. పైన ప్లాస్టిక్ పెయింటు వేసినా ఇదే గతి.

సున్నంతో తిప్పలు లేవని కాదు. పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టం, కూలీ ఎక్కువ, తొందర పనికిరాదు. పాత సిమెంటును బ్రేకరుతో కాక ఉలితో, గోడ మీద చెమ్మ ఎక్కిన గీతకు అడుగు పైదాకా తీయాలి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లు కొడితే మళ్లీ లోపలికే పోతుంది. గుల్ల సున్నం తడిలో గట్టిపడదు, అందుకే సుర్కీ (ఇటుక పొడి) కలపాలి: నెలైనా నానిన సున్నం ఒక పాలు, సుర్కీ ఒకటి, ఇసుక రెండు. బీచ్ ఇసుక వద్దే వద్దు, కడిగిన గోదావరి ఇసుకే వాడాలి. మొదటి పూత 12 మిల్లీమీటర్లు, అది బిగిశాక పైపూత సన్నగా. రెండు వారాలు తడి గోనెలు కప్పాలి. తుపాన్ల కాలం దాటాక, జనవరిలో మొదలెట్టడం మేలు.

మరుగుదొడ్లకూ కొత్త ప్రహరీకీ సిమెంటే వాడుకోండి, నష్టం లేదు.

మామూలు మరమ్మతు దాటిన పనికి మేత్రాణుల (బిషప్ గారి) రాతపూర్వక అనుమతి కావాలి (క్యాథలిక్ సభ చట్టం, కానను 1281). ఏ గోడకు ఏ పాళ్లు వేశారో ఫొటోలతో సహా విచారణ (పారిష్) ఆస్తుల జాబితాలో పెట్టండి. లేకపోతే బదిలీపై వచ్చిన ఫాదర్ గారికి మొదట కనిపించిన మేస్త్రి మళ్లీ సిమెంటు బస్తాల లెక్కే చెబుతాడు.