చిన్న లగ్జరీ స్పోర్ట్ సెడాన్: కొత్తది ఐదేళ్ళు, సెకండ్ హ్యాండ్‌ది ఎనిమిదేళ్ళు నడిపిన తరువాత

లగ్జరీ కార్లలో మొదటి మెట్టుగా చెప్పుకునే స్పోర్ట్ సెడాన్లను పదమూడేళ్ళుగా నడుపుతున్నాను. మొదటిదాన్ని షోరూమ్ నుంచి కొత్తగా తీసుకుని ఐదేళ్ళు ఉంచుకున్నాను. రెండోదాన్ని, మరొకరు నాలుగేళ్ళు వాడిన తరువాత, ఓడోమీటరు మీద 62,000 కిలోమీటర్లు ఉండగా కొన్నాను. ఈ ఎనిమిదేళ్ళలో అది 1,71,000 దాటింది. రెండూ వెనుక చక్రాలకు శక్తి అందే కార్లే. రెండింటిలోనూ నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నాయి. నాకు ఎదురైన ఇబ్బందులు ఈ తరగతిలోని చాలా కార్లలో కనిపించేవే కనుక ఆ రెండింటి తయారీదారుల పేర్లు రాయడం లేదు.

ఈ తరగతి ఎలా రూపుదిద్దుకుందో తెలిస్తే దాన్ని తూచడం తేలికవుతుంది. 1962లో బీఎండబ్ల్యూ తెచ్చిన 1500 అనే నాలుగు తలుపుల కారు, కుటుంబమంతా కూర్చునే సెడాన్‌ను కూడా చురుకుగా నడపవచ్చునని చూపింది. 1975లో మొదలైన 3 సిరీస్ ఆ ఆలోచనను పట్టుకుని ఈ తరగతికే కొలబద్దగా నిలిచింది. 1982లో మెర్సిడెస్ బెంజ్ తన 190 కారులో వెనుక చక్రం ఒక్కొక్కదానికి ఐదేసి లింకులున్న సస్పెన్షన్‌ను అమర్చింది. 1993 నుంచి ఆ కారు స్థానంలో సీ క్లాస్ వచ్చింది. 1994లో ఆడీ ఏ4, 1998లో జపాన్‌లో ఆల్టెట్సా పేరుతో మొదలై ఇతర దేశాలకు లెక్సస్ ఐఎస్‌గా వెళ్ళిన కారు, ఆ తరువాత జాగ్వార్ ఎక్స్ఈ, ఆల్ఫా రోమియో జూలియా, జెనెసిస్ జీ70 ఈ వరుసలో చేరాయి. వీటిలో చాలావాటికి ఇంజిన్ కారు నిడివి వెంట అమరి ఉంటుంది, ముందు వెనుకల బరువు దాదాపు సమానంగా పడుతుంది. ఆడీలో ఇంజిన్ ముందు ఇరుసును దాటి ముందుకు ఉండడం వల్ల బరువు ముందువైపు మొగ్గుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి పంపే దాని క్వాట్రో వ్యవస్థ తడి రోడ్డు మీద ఎంత పట్టు ఇచ్చినా, మలుపులో కారు ముక్కు తిరిగే తీరులో ఆ తేడా తెలుస్తుంది.

ఈ కార్లకు చెల్లించే అదనపు డబ్బు ఎక్కడికి పోతుందో నాకు అర్థమైనది వేగంలో కాదు, మలుపుల్లో. ముందు చక్రాలు దారి మళ్ళిస్తాయి, వెనుక చక్రాలు తోస్తాయి. ఈ రెండు పనులు విడిపోవడం వల్ల యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినా స్టీరింగ్ చేతిలో గుంజుకోదు. మలుపు మధ్యలో రోడ్డు ఉపరితలం హఠాత్తుగా మారినప్పుడు కారు ఒక్కసారి ఊగి వెంటనే కుదురుకుంటుంది, రెండోసారి ఊగదు. బ్రేకు తొక్కిన మొదటి అంగుళంలోనే ఎంత బలం పడుతుందో పాదానికి తెలుస్తుంది. ఇవన్నీ షోరూమ్ ఇచ్చే పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో తెలియవు. మూడు నాలుగు గంటలు ఆగకుండా నడిపి దిగినప్పుడు భుజాలు ఎంత తేలికగా ఉన్నాయో చూసుకుంటే తెలుస్తాయి. ఒక్క వెలితి మాత్రం చెప్పాలి. పాత తరాలలోని హైడ్రాలిక్ స్టీరింగ్ రోడ్డు గరుకుదనాన్ని వేళ్ళకు చేరవేసేది. ఇంధనం ఆదా కోసం దాదాపు అందరూ ఎలక్ట్రిక్ మోటారు సాయానికి మారాక ఆ స్పర్శ చాలావరకు పోయింది. నా రెండు కార్లూ ఎలక్ట్రిక్ స్టీరింగ్‌వే. కచ్చితత్వానికి లోటు లేదు, కబుర్లు మాత్రం తగ్గాయి.

చక్రాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తరగతి కొనుగోలుదారులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. నా మొదటి కారుకు అందం చూసి 19 అంగుళాల చక్రాలు ఎంచుకున్నాను; ముందు టైర్లకన్నా వెనుక టైర్లు వెడల్పు, పైగా అన్నీ రన్ ఫ్లాట్ రకం. రన్ ఫ్లాట్ టైరు పక్క గోడలు గట్టిగా ఉంటాయి. గాలి పూర్తిగా పోయినా సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా మరో 80 కిలోమీటర్ల దాకా తీసుకెళ్ళగలవు. ఆ గట్టిదనమే రోజువారీ ప్రయాణంలో శిక్షగా మారింది. చిన్న గుంత తగిలినా దెబ్బ వెన్నుకు చేరేది. ఐదేళ్ళలో రెండు టైర్ల పక్క గోడలు ఉబ్బాయి, ఒక రిమ్ము వంగింది. వెడల్పులు వేరు కనుక ముందు టైర్లను వెనక్కు, వెనుకవాటిని ముందుకు మార్చే వీలు లేక, వెనుక జత తొందరగా అరిగిపోయేది. రెండో కారును కావాలనే 17 అంగుళాల చక్రాలతో, నాలుగూ ఒకే కొలతలో ఉన్నది వెతికి తీసుకున్నాను. దానికున్న రన్ ఫ్లాట్ టైర్లు అరిగాక మామూలు టైర్లు వేయించి, స్టెప్నీకి చోటు లేదు కనుక డిక్కీలో పంక్చర్ కిట్టు, గాలి నింపే చిన్న పంపు ఉంచుకున్నాను. ఆ ఒక్క మార్పుతో సస్పెన్షన్ తయారుచేసినవారు అసలు ఏమి అనుకున్నారో అప్పుడే బయటపడినట్లయింది. ఈ కారు మీద నేను పెట్టిన ఖర్చులన్నింటిలో ఎక్కువ సంతోషమిచ్చింది అదే.

లోపలి సంగతులు త్వరగా ముగిస్తాను. ముందు సీట్లు ఎంతో బాగుంటాయి. తొడల కింద ఆసరా ముందుకు జరిగే సీటు దొరికితే పొడుగరులు దాన్ని వదులుకోకూడదు. వెనుక సీటు ఇద్దరికే. వెనుక చక్రాలకు శక్తి తీసుకెళ్ళే పొడవాటి షాఫ్టు కోసం నేల మధ్యలో ఎత్తైన గట్టు ఉంటుంది కనుక మూడో మనిషికి కాళ్ళు పెట్టుకునే చోటుండదు. వయసు పైబడినవారు తరచుగా ఎక్కి దిగాల్సిన ఇంట్లో ఇంత కిందికి ఉండే కారు ఇబ్బందే. అదే డబ్బుకు దొరికే మామూలు బ్రాండు పెద్ద సెడాన్లో వెనుక చోటు, హంగులు రెండూ ఎక్కువ వస్తాయి. నడిపే సుఖం మీద పట్టింపు లేనివారికి నేను అదే సూచిస్తాను.

కొత్తగా కొన్న ఐదేళ్ళలో వారంటీ ఉన్నన్నాళ్ళూ మనసు నిశ్చింతగా ఉంది, అది నిజం. అయితే ఈ తరగతి కారు విలువ మొదటి మూడు నాలుగేళ్ళలోనే చాలా భాగం జారిపోతుంది. అదనంగా డబ్బు పోసి ఎంచుకున్న హంగులకైతే అమ్మేనాడు దాదాపు లెక్కే ఉండదు. నేను పెద్ద చక్రాలకు, మేలురకం స్పీకర్లకు, చెక్క పలకలకు కట్టిన డబ్బులో కొద్ది భాగమైనా తిరిగి రాలేదు. ఆ నష్టాన్ని మొదటి యజమాని భరించాక కొనేవారికి లాభం ఉందన్నది స్పష్టమే, కానీ అక్కడొక మెలిక ఉంది: కారు ధర సగానికి పడిపోయినా దాని విడిభాగాల ధర పడిపోదు. కొన్న ధరను చూసి మామూలు కారు నిర్వహణ ఖర్చే అవుతుందని అనుకునేవారు రెండో ఏటికే దాన్ని అమ్మకానికి పెడతారు. ఏటేటా విలువ తరుగుదలలో మిగిలిన దానిలోంచి కొంత మరమ్మతుల కోసం పక్కన పెట్టగలిగినప్పుడే సెకండ్ హ్యాండ్ కారు లాభం.

ఇక చూసి కొనే విధానం. అమ్మేవారిని ముందే అడిగి, ఆ రోజు ఇంజిన్‌ను స్టార్ట్ చేయకుండా ఉంచమనాలి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడాలి. చల్లటి ఇంజిన్ మొదటిసారి తిరిగేటప్పుడు వచ్చే కొన్ని క్షణాల గలగల టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయించే గొలుసు) అరుగుదలను పట్టిస్తుంది, వేడెక్కాక అది వినబడకపోవచ్చు. పొగ గొట్టం నుంచి వచ్చే నీలి పొగను కూడా అప్పుడే చూడాలి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. నాలుగు టైర్లూ నాలుగు రకాల చవక బ్రాండ్లవైతే, కనబడే చోటే పొదుపు చేసిన యజమాని కనబడని ఆయిల్ విషయంలో ఉదారంగా ఉండి ఉంటారని నేను నమ్మను. రంగు మందం కొలిచే చిన్న పరికరం తీసుకెళ్ళాలి: ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, ఒక్క తలుపు మీదే అది రెండింతలు మూడింతలు కనిపిస్తే అక్కడ దెబ్బ తగిలి మళ్ళీ రంగు వేశారని అర్థం.

కారు కంప్యూటర్ నమోదు చేసిన తప్పులను చదివే ఓబీడీ స్కానర్‌ను తగిలించి తప్పుల కోడ్‌లు లేవని తృప్తి పడకూడదు. కోడ్‌లను తుడిచేసిన కారులో, కారు తనను తాను పరీక్షించుకునే పర్యవేక్షక పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని అదే స్కానర్ చూపిస్తుంది; అవన్నీ అసంపూర్తిగా ఉంటే, నిన్నో మొన్నో ఎవరో హెచ్చరిక దీపాన్ని ఆర్పి ఉంటారు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉంటారు. ఓడోమీటరు అంకెను స్టీరింగ్ తోలు మెరుపుతో, బ్రేకు పెడల్ రబ్బరుతో, డ్రైవరు సీటు తలుపువైపు అంచు నలుగుడుతో సరిపోల్చాలి. అన్నింటికన్నా మించి సర్వీసు కాగితాలు కావాలి. నేను చూసిన ఆరు కార్లలో, తక్కువ కిలోమీటర్లు తిరిగి కాగితాలు లేని రెండింటిని వదిలేసి, వాటికన్నా ఎక్కువ తిరిగినా ప్రతి ఆయిల్ మార్పుకూ బిల్లు ఉన్న కారును తీసుకున్నాను. ఆ నిర్ణయం సరైనదని ఎనిమిదేళ్ళ వాడకం నాకు చెప్పింది.

అయినా మరమ్మతులు రాకుండా పోలేదు. 84,000 కిలోమీటర్ల దగ్గర వాల్వ్ కవర్ గాస్కెట్ (ఇంజిన్ పైమూత అంచున ఆయిల్ కారకుండా ఆపే పట్టీ) గట్టిపడి, ఆయిల్ వేడి భాగాల మీదికి కారి కాలిన వాసన వచ్చింది. 97,000 దగ్గర ముందు కంట్రోల్ ఆర్మ్‌ల (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కడ్డీల) రబ్బరు బుషింగులు పగిలి, బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికింది. మెకానిక్ మొదట బ్రేకు డిస్కులను అనుమానించి వాటిని మార్చాడు, వణుకు మాత్రం అలాగే ఉంది. 1,18,000 దగ్గర థర్మోస్టాట్ ప్లాస్టిక్ గూడు చిట్లి కూలెంట్ కారడం మొదలైంది. ఈ ఇంజిన్ల చుట్టూ ఉండే ప్లాస్టిక్, రబ్బరు భాగాలు ఏళ్ళ తరబడి వేడికి గురై పెళుసవుతాయి కనుక, ఆ రోజే నీటి పంపును, పాత గొట్టాలను కూడా మార్పించాను. ఇంధనం నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పోదు, అందువల్ల వాటిని కడిగేదేమీ లేక మసి పేరుకుంటుంది. 1,30,000 దగ్గర ఆక్రోట్ చిప్పల పొడితో ఆ మసిని ఊదించి తీయించాక, ఇంజిన్ నడుస్తూ కారు ఆగి ఉన్నప్పుడు ఉండే సన్నని అదురు పోయింది. బ్యాటరీ మార్చినప్పుడు కొత్తది వేసిన సంగతిని కారు కంప్యూటర్లో నమోదు చేయించాలని కూడా ఈ కారుతోనే తెలుసుకున్నాను. లేకపోతే పాత బ్యాటరీకి తగిన తీరులోనే చార్జింగ్ జరుగుతుంది.

గేర్‌బాక్స్ ఆయిల్ విషయంలో నేను పొరపాటు చేశాను. జీవితకాలం మార్చనవసరం లేదని కొత్త కారు కొన్నప్పుడు చెప్పిన మాటను రెండో కారుకూ వర్తింపజేసి ఊరుకున్నాను. ఎనిమిది గేర్ల పెట్టెలను తయారుచేసే జెడ్ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు మార్చమని సూచిస్తుందని ఆలస్యంగా చదివాను. అప్పటికే రెండో గేరు నుంచి మొదటిదానికి దిగేటప్పుడు సన్నని కుదుపు ఉండేది. ఆయిల్‌ను, ఫిల్టరుతో కలిసి వచ్చే అడుగు పళ్ళేన్ని మార్పించాక అది తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఇంజిన్ ఆయిల్‌ను మాత్రం కారు చూపించే గడువు దాకా ఆగకుండా 10,000 కిలోమీటర్లకోసారి, బ్రేకు ద్రవాన్ని తేమ పీల్చుకుంటుంది కనుక రెండేళ్ళకోసారి మార్పిస్తున్నాను.

ఇదే తరగతిలో ఎక్కువ శక్తి గల రకం సెకండ్ హ్యాండ్‌లో ఆకర్షణీయమైన ధరకు కనిపిస్తే తొందరపడవద్దని మనవి. వాటి బ్రేకులు, టైర్లు, వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ అన్నీ ఖరీదైనవి, పైగా వాటిని కొన్నవారిలో చాలామంది ఆ శక్తిని వాడడానికే కొని ఉంటారు. నాలుగు సిలిండర్ల మామూలు రకం, చిన్న చక్రాలు, స్ప్రింగులు, డాంపర్లు (ఊగుడును అణచే షాక్ అబ్జార్బర్లు) ఎలక్ట్రానిక్ జోక్యం లేనివి, మూడు నాలుగేళ్ళ వయసు, పూర్తి కాగితాలు: నేను మళ్ళీ వెతకాల్సి వస్తే ఇలాంటిదే వెతుకుతాను. ఇప్పుడు నా కారుకు వెనుక డాంపర్లు మెత్తబడ్డాయి, వచ్చే నెలలో నాలుగింటినీ ఒకేసారి మార్పించబోతున్నాను. ఆ ఖర్చు కారుకు ఈనాడు పలికే ధరలో గణనీయమైన భాగమే. అయినా అమ్మే ఆలోచన రాలేదు, ఎందుకంటే పన్నెండేళ్ళ వయసున్న ఈ కారు స్టీరింగ్ మలుపు మొదట్లో ఇచ్చే భరోసాను, ఈ మధ్య నడిపి చూసిన మూడు కొత్త కార్లలో ఒక్కటీ నాకు ఇవ్వలేదు.