తిరుపతి ఎండల్లో 7 శాతం గ్లైకోలిక్ టోనర్: ఎవరికి, ఎన్ని రాత్రులు?

ది ఆర్డినరీ వాళ్ల గ్లైకోలిక్ యాసిడ్ 7 శాతం ఎక్స్‌ఫోలియేటింగ్ టోనర్ (పాత పేరు టోనింగ్ సొల్యూషన్) మంచి సరుకే. రోజుకు ఒకసారి, అదీ రాత్రిపూట వాడమని కంపెనీ చెప్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, మధ్యాహ్నం బండి మీద తిరిగేవాళ్లకు రోజూ అంటే ఎక్కువే. మా లెక్కలో వారానికి రెండు రాత్రులు చాలు.

టోనర్ పేరుతో దుకాణాల్లో మూడు రకాలు దొరుకుతాయి. గ్లిజరిన్ లాంటివి కలిపి తేమనిచ్చేవి ఒకటి, ఆల్కహాల్‌తో జిడ్డు లాగేసేవి ఇంకొకటి, ఆమ్లంతో మృతకణాలను ఊడగొట్టేవి మూడోది. ఇది మూడో రకం. గులాబీ నీళ్లలాగా ముఖం కడుక్కున్నప్పుడల్లా చల్లుకునేది కానే కాదు.

ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాల్లో గ్లైకోలిక్ అణువే అన్నిటికన్నా చిన్నది, అందుకే చర్మంలోకి త్వరగా దిగుతుంది. పైపొరలో మృతకణాలను పట్టి ఉంచే బంధాలను వదులు చేస్తుంది. సీసా మీద 7 శాతం అని ఉన్నా, ఆ మొత్తం ఒకేసారి పనిచేయదు. దీని పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) 3.5 నుంచి 3.7 దాకా ఉంటుంది. ఆ స్థాయిలో ఆమ్లంలో సుమారు 60 శాతం మాత్రమే చర్మంలోకి దిగే రూపంలో ఉంటుంది. ఆ కాస్తే గరుకుదనానికి, మొటిమలు మిగిల్చిన పైపై మచ్చలకు సరిపోతుంది. గుంటలు పడిన మచ్చలను పూడ్చదు. చర్మ రంధ్రాలను మూయడం కూడా ఏ టోనర్ వల్లా కాదు. వాటికి తెరుచుకుని మూసుకునే కండరాలే లేవు. లోపలి జిడ్డు, మృతకణాలు పోతే చిన్నగా కనబడతాయి, అంతే.

రాత్రి సబ్బు లేని ఫేస్‌వాష్‌తో ముఖం కడగండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. సబ్బు, ఉప్పునీళ్లు కలిస్తే ముఖం మీద తెట్టు మిగులుతుంది, దాని మీద ఆమ్లం పడితే మంట. కడిగాక తడి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ముఖం మీద ఆమ్లం ఇంకా లోతుకు పోయి చురుక్కుమంటుంది. తేమనిచ్చే టోనర్‌ను కాస్త తడిగా ఉన్నప్పుడే రాయాలి, దీనికి పద్ధతి తిరగబడుతుంది. రెండు, రెండున్నర మిల్లీలీటర్లు దూదికి తడిపి నుదురు, బుగ్గలు, గడ్డం మీదుగా ఒక్కసారి తుడవాలి, రుద్దకూడదు. కళ్ల చుట్టూ, ముక్కు అంచుల్లో, పెదవుల మూలల్లో వద్దు. పదిహేను నిమిషాలు ఆగి మాయిశ్చరైజర్ రాయాలి. కడిగేయాల్సిన పని లేదు. మొటిమలకు రాసే అడాపలీన్ గానీ, ముడతలకు రాసే రెటినాల్ గానీ వాడే రాత్రి దీన్ని ముట్టకండి.

రెండు మూడు నిమిషాలు సన్నగా చిమచిమలాడితే పరవాలేదు. అంతకు మించి మండినా, మర్నాడు ఎర్రబడినా, పొట్టు లేచినా చర్మం రక్షణపొర దెబ్బతిన్నట్టే. అప్పుడు రెండు మూడు వారాలు ఆపేసి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్‌తో సరిపెట్టుకోవాలి. చామనఛాయ, నలుపు చర్మాల్లో మంట తగ్గినా దాని చోట నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. మచ్చలు పోవాలని కొన్న సీసా కొత్త మచ్చలు తెచ్చేది ఇట్లాగే. మంగు ఉన్నవాళ్లు చర్మ వైద్యుల్ని అడగకుండా మొదలుపెట్టొద్దు. స్టిక్కర్ బొట్టు, కుంకుమ పడక నుదుటి మీద దురద, నలుపు వచ్చినచోట ఇది అసలే పనికిరాదు. అక్కడ మానాల్సింది ఆ బొట్టు, కుంకుమలే. పై పెదవికి థ్రెడింగ్ చేయించుకున్నాక కనీసం మూడు రోజులు ఆగాలి.

ఈ ఆమ్లం వాడినంత కాలమూ, మానేసిన తర్వాత మరో వారం దాకా చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. అలిపిరి నుంచి 3550 మెట్లెక్కి కొండకు నడిచిపోవాలనుకునేవాళ్లు వారం ముందే ఆపేయండి. దారి చాలావరకు నీడే అయినా, ఎండతోపాటు గంటల తరబడి చెమట, తువ్వాలుతో తుడుచుకోవడం కూడా ఉంటాయి. తలనీలాలు ఇచ్చి వచ్చాక గుండు మీద దీన్ని రాయొద్దు. మంగలికత్తి గాట్లు కంటికి కనబడకపోయినా ఉంటాయి. చుండ్రుకు మంచిదని విని రాసుకునేవాళ్లు ముఖ్యంగా జాగ్రత్త. గుండుకు చందనమే మేలు. మామూలు రోజుల్లోనూ పొద్దున ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, ముఖానికి మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున రాయలేమనుకుంటే ఈ సీసా కొనకండి.

చర్మం సున్నితమైతే మినిమలిస్ట్ వాళ్ల 3 శాతం పీహెచ్‌ఏ (పాలీహైడ్రాక్సీ ఆమ్లం) టోనర్‌తో మొదలుపెట్టడం మంచిది. అందులోని గ్లూకోనోలాక్టోన్ అణువు గ్లైకోలిక్ కన్నా రెండింతలకు పైగా బరువైంది. మెల్లగా దిగుతుంది, మంట తక్కువ. ఫలితమూ మెల్లగానే వస్తుంది. మొదటిసారి ఏదైనా సరే, చెవి వెనక రాసి రెండు మూడు రోజులు చూడండి.

గ్లైకోలిక్ సీసా 240, 100 మిల్లీలీటర్ల రెండు సైజుల్లో వస్తుంది. వారానికి రెండుసార్లు వాడితే పెద్దది దాదాపు ఏడాది వస్తుంది, చిన్నది నాలుగైదు నెలలు. చిన్నదే తీసుకుని, కిటికీ పక్కన కాకుండా బీరువాలో పెట్టండి.